‘సీ’ అంటే ‘చూడు’ అని నేర్చుకోవడం దగ్గరే మన ఇబ్బంది మొదలవుతుంది

మీరు అడిగింది ఇదీ. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి ‘ఆర్ యూ సీయింగ్ మై స్క్రీన్?’ అన్నారు. తర్వాత టీమ్ లీడ్ విడిగా పిలిచి ‘కెన్ యూ సీ మై స్క్రీన్?’ అనమన్నారు కానీ ఎందుకో చెప్పలేదు. సీ, లుక్, వాచ్ మూడింటికీ తెలుగులో చూడటమే కదా, డిక్షనరీ తెరిస్తే ఒక్క ‘సీ’ కిందే బోలెడు అర్థాలున్నాయి, ఇవన్నీ బట్టీ పట్టాలా? చివర్లో, ‘ఐ సీ’ అంటే పొగరుగా వినబడుతుందా?

బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క మార్పు చేసుకుంటే సగం పని అయిపోతుంది. ‘సీ’ అంటే కనబడటం, ‘లుక్’ అంటే చూడటం, ‘వాచ్’ అంటే చూస్తూ ఉండటం. చిన్నప్పుడు ‘సీ అంటే చూచుట’ అని రాసుకున్నాం, అది తప్పని అనను కానీ, మన భాషలో ‘కనబడు’ అనే ఇంత చక్కటి మాట ఉండగా దాన్ని పక్కన పెట్టి అన్నింటికీ ‘చూడు’ అంటించడం వల్లే ఇన్ని ఇబ్బందులు. గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. డిగ్రీ పిల్లలు, నర్సులు, అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లే అమ్మలు, అందరూ తడబడేది ఈ ఒక్కచోటే.

మూడు మాటలూ ఒకే గదిలో వినాలంటే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మా అమ్మకి శుక్లాలు ముదిరాయేమో చూపిద్దామని తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఒక కంటికి అడ్డం పెట్టి ‘అమ్మా, ఆ బోర్డు వైపు చూడండి’ అంది. అమ్మ చూసింది. ‘కింది వరసలో అక్షరాలు కనబడుతున్నాయా?’ అంది. అమ్మ అలాగే చూస్తోంది, కళ్లు చికిలించి మరీ చూస్తోంది, కానీ ‘కనబడటం లేదమ్మా’ అంది. తర్వాత డాక్టరమ్మ చూపుడు వేలు అటూ ఇటూ తిప్పుతూ ‘తల కదపకుండా నా వేలు చూస్తూ ఉండండి’ అంది. మొదటిది ‘లుక్ ఎట్ ద బోర్డ్’. రెండోది ‘కెన్ యూ సీ ద లెటర్స్?’ మూడోది ‘వాచ్ మై ఫింగర్’. అమ్మ బోర్డు వైపు చూడగలిగింది, అక్షరాలు మాత్రం కనబడలేదు. ‘షీ లుక్డ్, బట్ షీ కుడ్ నాట్ సీ.’ ఈ వాక్యంలో రెండు చోట్లా ‘చూడు’ పెట్టి తెలుగులోకి మార్చి చూడండి, కుదరదు.

ఇప్పుడు మీ స్క్రీన్ దగ్గరికి వద్దాం. చూడటం మన చేతిలో పని, కావాలంటే చూస్తాం, వద్దంటే తల తిప్పుకుంటాం. కనబడటం మన చేతిలో లేదు, కళ్లు తెరిచి ఉండి, ఎదురుగా వస్తువుండి, వెలుతురుంటే అదే కనబడుతుంది. మనం పూనుకుని చేసే పనులకి ఇంగ్లీషులో ‘ఇంగ్’ సులువుగా వస్తుంది, ‘ఐ యామ్ లుకింగ్’, ‘ఐ యామ్ వాచింగ్’. దానంతట అదే జరిగేదానికి మామూలుగా రాదు. అందుకే ఈ క్షణంలో కనబడుతోంది అనడానికి వాళ్లు ‘కెన్’ తెచ్చుకుంటారు. ‘నాకు కొండ కనబడుతోంది’ అంటే ‘ఐ కెన్ సీ ద హిల్’. మన ‘కనబడుతోంది’లో ‘తోంది’ ఉంది కాబట్టి మనకి ‘ఇంగ్’ పెట్టాలనిపిస్తుంది, పొరపాటు అక్కడే జరుగుతుంది. ‘వినబడు’, ‘విను’ కూడా ఇదే జంట: ‘మీ మాట వినబడుతోంది’ అంటే ‘ఐ కెన్ హియర్ యూ’, ‘వింటున్నాను, చెప్పండి’ అంటే ‘ఐ యామ్ లిజనింగ్’. ఫోన్‌లో ‘ఐ యామ్ నాట్ హియరింగ్ యూ’ అనే అలవాటుంటే దాన్నీ ఇప్పుడే మార్చుకోండి.

ఇంకో చిక్కుంది. ‘నాకు స్క్రీన్ కనబడుతోంది’లో కర్త స్క్రీన్, నేను ‘నాకు’తో సరిపెట్టుకున్నాను. ఇంగ్లీషులో చూసే మనిషే కర్త. మనవాళ్లు తెలుగు వరసలోనే వెళ్లి ‘యువర్ స్క్రీన్ ఈజ్ విజిబుల్ టు మీ’ అంటారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, కానీ రోజువారీ మాటల్లో బరువుగా ఉంటుంది. ‘యెస్, ఐ కెన్ సీ ఇట్’ అంటే చాలు. అన్నట్టు, ‘ఆర్ యూ సీయింగ్ మై స్క్రీన్?’ అన్నందుకు మీరు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఆన్‌లైన్ మీటింగుల్లో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల నోటే ఆ వాక్యం విన్నాను. ‘కెన్ యూ సీ’ అంటే మాత్రం ఎవరూ వంక పెట్టరు.

మరి ‘సీయింగ్’ ఎప్పుడూ రాకూడదా? వస్తుంది, అర్థం మారినప్పుడు. డాక్టరునో మేనేజర్నో ఫలానా టైముకి కలుస్తున్నాం అనడానికి ‘ఐ యామ్ సీయింగ్ ద డెంటిస్ట్ టుమారో’ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి ‘వి ఆర్ సీయింగ్ ఎ లాట్ ఆఫ్ ఎర్రర్స్ టుడే’ అనే మాట రోజూ వింటుంటారు, అంటే అవి పదేపదే ఎదురవుతున్నాయని, అది మంచి వాడుకే. ‘ఐ మస్ట్ బి సీయింగ్ థింగ్స్’ అంటే లేనివి ఉన్నట్టు కనబడుతున్నాయని. ఇక జాగ్రత్తగా ఉండాల్సింది ‘షీ ఈజ్ సీయింగ్ సమ్‌వన్’, అంటే ఆమె ఎవరితోనో ప్రేమలో ఉందని. నా దగ్గర చదివిన ఒకమ్మాయి పై చదువుకి వెళ్లి, తన రూమ్మేట్‌తో ‘మై పేరెంట్స్ ఆర్ సీయింగ్ బాయ్స్ ఫర్ మీ’ అందట. ఆ రూమ్మేట్ ఏం అర్థం చేసుకోవాలో తెలియక అలా ఉండిపోయింది. పిల్ల చెప్పదలుచుకున్నది ‘మా వాళ్లు సంబంధాలు చూస్తున్నారు’ అని. వెతకడం కాబట్టి అది ‘లుకింగ్ ఫర్’. ‘ఉద్యోగం చూస్తున్నాను’, ‘ఇల్లు చూస్తున్నాం’ అన్నీ అంతే. ఇంట్లోకి వెళ్లి గదులు తిరిగి చూస్తుంటే అప్పుడు ‘లుకింగ్ ఎట్’.

మన ‘చూడు’ నిజానికి చాలా విశాలమైన క్రియ, ఒక్క ఇంగ్లీషు మాటలో ఇమడదు. నా క్లాసులో ఎక్కువగా దొర్లేవి చెబుతాను. ‘పిల్లల్ని మా అత్తయ్య చూసుకుంటుంది’ అంటే ‘లుక్స్ ఆఫ్టర్’. ‘పక్కవాడిది చూసి రాశాడు’ అంటే ‘హీ కాపీడ్’, దాన్ని ‘సా అండ్ రోట్’ అంటే ఎవరికీ తెలియదు. ‘తిని చూడు’, ‘వేసుకుని చూడు’, ‘అడిగి చూడు’ వీటిలో కళ్లకి పనే లేదు, ప్రయత్నించమనే. అందుకని ‘ట్రై ఇట్’, ‘ట్రై ఇట్ ఆన్’, ‘ట్రై ఆస్కింగ్ హిమ్’. ‘ఈట్ అండ్ సీ’ అని మన ఊళ్లో అంటే అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లు మాత్రం ‘తిని ఏం చూడాలి?’ అనుకుంటారు. ఒక్క ‘వెయిట్ అండ్ సీ’ మాత్రం అచ్చంగా మన ‘వేచి చూడు’లాగే ఉంటుంది. ‘డాక్టర్‌కి చూపించుకున్నాను’ సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లు ‘ఐ షోడ్ టు ద డాక్టర్’ అంటారు, ఆస్పత్రుల్లో రోజూ వినే వాక్యం ఇది. ఇంగ్లీషులో ‘ఐ సా ఎ డాక్టర్’ అంతే. మనం చూపించుకుంటాం, వాళ్లు వెళ్లి డాక్టర్‌ని చూసొస్తారు. అవతలి దేశంలో ఫోన్‌లో అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ‘ఐ నీడ్ టు సీ ఎ డాక్టర్’ అనమని నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లందరి చేతా పలికిస్తాను, ఎందుకంటే ఒంట్లో బాగోలేనప్పుడు మాటలు వెతుక్కునే ఓపిక ఉండదు.

అయితే ‘సీ అంటే కనబడు’ అన్నాను కదా, అది జరుగుతున్నదానికి ఖాయమైన సూత్రం, జరిగిపోయినదానికి కొంచెం సడలుతుంది. ‘నిన్న మీ తమ్ముణ్ణి బజార్లో చూశాను’ అన్నా, ‘మీ తమ్ముడు కనబడ్డాడు’ అన్నా ఇంగ్లీషులో ‘ఐ సా యువర్ బ్రదర్’. ‘హంపి చూశారా?’ అంటే ‘హావ్ యూ సీన్ హంపి?’ అనుభవించడం అనే అర్థంలో మన చూడటం, వాళ్ల ‘సీ’ పూర్తిగా కలిసిపోతాయి. మా నాన్న 1977 నవంబరు దివిసీమ ఉప్పెన చూసినవాడు. ఇందులో ‘చూసినవాడు’ అంటే ఒడ్డున నిలబడి కళ్లతో చూడటం ఒక్కటే కాదు, దాన్ని దాటి బతికి బయటపడ్డవాడని. ‘హీ హాజ్ సీన్ ద వర్స్ట్’ అన్నా అదే లోతు. ‘దిస్ సోఫా హాజ్ సీన్ బెటర్ డేస్’ అంటే పాతబడి నలిగిపోయిందని. ఇంకా చిత్రమేమిటంటే వాళ్ల భాషలో కాలం కూడా చూస్తుంది, ఊరు కూడా చూస్తుంది. ‘2014 సా ద బర్త్ ఆఫ్ తెలంగాణ’ అని పత్రికల్లో రాస్తారు. తెలుగులోకి మార్చేటప్పుడు ‘2014 తెలంగాణ పుట్టుకను చూసింది’ అని రాయకండి దయచేసి, ఈ మధ్య వార్తల్లో అలాంటివి కనబడితే బాధేస్తుంది. ‘2014లో తెలంగాణ ఏర్పడింది’, అంతే.

సూచన ఇచ్చేటప్పుడు కూడా రెండూ ఒకటే. ‘12వ పేజీ చూడండి’ అంటే ‘సీ పేజ్ 12’. మెయిల్‌లో ‘ప్లీజ్ సీ ద అటాచ్డ్ ఫైల్’ సరైనదే. కానీ ‘ఐ యామ్ సీయింగ్ యువర్ మెయిల్ నౌ’ అనొద్దు. చదువుతున్నారు, కాబట్టి ‘రీడింగ్’ అనో ‘లుకింగ్ ఎట్’ అనో అనండి.

సినిమా, టీవీ, క్రికెట్ దగ్గర నియమం అంత గట్టిది కాదు. హాలుకి వెళ్లి చూసిన సినిమాకి ‘సా’ అన్నా ‘వాచ్డ్’ అన్నా చెల్లుతుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ‘వాచ్’. మ్యాచ్ అయిపోయాక ‘డిడ్ యూ సీ ద మ్యాచ్?’ అంటారు, నడుస్తుండగా ‘ఆర్ యూ వాచింగ్?’ అంటారు. దీని మీద ఎక్కువ బెంగ పెట్టుకోకండి.

బెంగ పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది, చాలామంది పట్టించుకోరు కానీ నాకు ఈ క్రియలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ‘ఐ సా హర్ క్రాస్ ద రోడ్’, ‘ఐ సా హర్ క్రాసింగ్ ద రోడ్’. మొదటిది: ఆమె రోడ్డు దాటడం చూశాను, ఈ పక్క నుంచి ఆ పక్కకి చేరేదాకా పూర్తిగా. రెండోది: దాటుతుండగా చూశాను, నా కళ్లు పడేసరికి నడి రోడ్డు మీదుంది, చేరిందో లేదో నేను చెప్పడం లేదు. తెలుగులో ‘దాటడం’, ‘దాటుతుండగా’ అని మనం ఎంత సహజంగా తేడా చూపిస్తామో వాళ్లూ అలాగే చూపిస్తారు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు ఇన్సూరెన్స్ పనికి ఒక ప్రమాదం గురించి ఇంగ్లీషులో రాసివ్వాల్సి వచ్చింది. లారీ వెనక్కి రావడం, ఆగి ఉన్న బైకుని గుద్దడం అంతా చూశాడు. ‘ఐ సా ద లారీ రివర్సింగ్’ అని రాసుకొచ్చాడు. అంత వరకే రాస్తే వెనక్కి వస్తుండగా చూశాడని అవుతుంది, గుద్దడం చూశాడని రాదు. కూర్చోబెట్టి ‘ఐ సా ద లారీ రివర్స్ అండ్ హిట్ ద బైక్’ అని మార్పించాను. వాక్యం అదే, ‘ఇంగ్’ తీసేసి గుద్దడం చేర్చాం, సాక్ష్యం బరువు పెరిగింది. కర్మణిలోకి మారిస్తే మాత్రం ‘టు’ వచ్చి కూర్చుంటుంది: ‘ద లారీ వాజ్ సీన్ టు హిట్ ద బైక్’. ఇది పరీక్షల్లో అడుగుతారు.

రూపాల గురించి రెండు ముక్కలు: సీ, సా, సీన్. ‘డిడ్ యూ సా?’ కాదు, ‘డిడ్ యూ సీ?’ ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ కాదు, నిన్న అని చెప్పాక ‘ఐ సా హిమ్’. ఈ రెండో తప్పు బాగా చదువుకున్నవాళ్ల నోటా వస్తుంది.

ఇక చూపుకీ మనసుకీ మధ్య తిరిగే వాడుకలు. కళ్లకి కనబడటం నుంచి మనసుకి తోచడం దాకా ‘సీ’ జారుకుంటూ వెళ్లింది. ‘ఐ సీ యువర్ పాయింట్’ అంటే మీరు చెప్పేది అర్థమైంది. ‘ఐ డోంట్ సీ వై’ అంటే ఎందుకో బోధపడటం లేదు. ‘ద వే ఐ సీ ఇట్’ అంటే నాకు తోచినంతలో. ‘వాట్ డజ్ షీ సీ ఇన్ హిమ్?’ అంటే ‘ఏం చూసి చేసుకుందో’ అని మన పెద్దవాళ్లు అనే మాటలాంటిదే. వీటిలో మొదటి రెండింటికీ ‘కెన్’ ఉన్నా లేకపోయినా నడుస్తుంది.

దాని పక్కన చిన్న మాటలు చేరితే అర్థాలు మారతాయి, వాటిలో ఆఫీసులో పనికొచ్చేవే చెబుతాను. ‘ఐ విల్ సీ టు ఇట్’ అంటే ‘నేను చూసుకుంటాను’, బాధ్యత నాదని. ‘ఐ విల్ సీ అబౌట్ ఇట్’ అంటే ‘కనుక్కుని చెబుతాను’, మాట ఇవ్వడం లేదు. క్లయింట్‌కి మొదటిది రాస్తే పని చేసి తీరాలి, కాబట్టి రెండూ కలిపేసుకోకండి. ‘వి విల్ సీ’ అంటే ‘చూద్దాం’, మన చూద్దాంలాగే సగం వద్దనే. ‘సీ త్రూ’ దగ్గర కొంచెం ఆగండి. ‘ఐ సా త్రూ హిమ్’ అంటే వాడి లోపలి ఉద్దేశం పసిగట్టాను. ‘షీ సా ద ప్రాజెక్ట్ త్రూ’ అంటే ఆఖరిదాకా నిలబడి పూర్తి చేసింది. ‘దిస్ మనీ విల్ సీ అస్ త్రూ ద మంత్’ అంటే ఈ డబ్బుతో నెల గట్టెక్కుతాం. మాటలు అవే, ఏ మాట ఎక్కడ కూర్చుందన్నదే తేడా. ‘సీ ఆఫ్’ అంటే స్టేషన్‌కి వెళ్లి రైలెక్కించి రావడం, ‘ఐ వెంట్ టు సీ హర్ ఆఫ్’. క్రికెట్ కామెంటరీలో ‘సీ ఆఫ్ ద న్యూ బాల్’ అంటారు, కొత్త బంతి పదును తగ్గేదాకా వికెట్ పోకుండా కాచుకోవడం. సాగనంపడం అనే ఒక్క ఊహ పట్టుకుంటే రెండూ గుర్తుంటాయి.

మనుషుల్ని పలకరించేటప్పుడు ఒక తేడా పాటించండి. మొదటిసారి కలిసినవాళ్లతో ‘నైస్ టు మీట్ యూ’, అంతకుముందే తెలిసినవాళ్లతో ‘గుడ్ టు సీ యూ’. ఏడాదిగా వీడియో కాల్స్‌లో మాట్లాడిన క్లయింట్ హైదరాబాద్ వచ్చి ఎదురుపడితే ‘గుడ్ టు ఫైనల్లీ మీట్ యూ ఇన్ పర్సన్’ అంటే బాగుంటుంది.

‘ఐ సీ’ విషయం. పొగరు మాటలో లేదు, గొంతులో ఉంది. ‘ఐ సీ’ని కాస్త సాగదీసి, చివర కిందికి దించి అంటే ‘అలాగా, సరే, అర్థమైంది’ అని మెత్తగా ఉంటుంది. పొట్టిగా, పొడిగా తెంపేసి అంటే ‘ఓహో, అదా సంగతి’ అన్నట్టు ఉంటుంది, అవతలివాళ్లు నొచ్చుకోవచ్చు. చాట్‌లో గొంతు వినబడదు కాబట్టి ఒంటరిగా ‘ఐ సీ.’ అని పంపకండి, మీ టీమ్ లీడ్‌కి అసలే వద్దు. వెనక ఇంకో ముక్క చేర్చండి, ‘ఐ సీ, థాంక్స్ ఫర్ ఎక్స్‌ప్లెయినింగ్’ అనో, ‘ఐ సీ, ఐ విల్ చేంజ్ ఇట్ టుడే’ అనో. రేపటి మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేశాక ‘కెన్ ఎవ్రీవన్ సీ మై స్క్రీన్?’ అని అడిగి, ఎవరైనా ‘యెస్’ అనేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు మొదలుపెట్టండి.